ఆక్రమణ నోట్లు: వెయ్యి డాలర్ల కాగితం చవక, ఒక పౌండు నోటు ఖరీదు, ఎందుకిలా?

పాత ట్రంకు పెట్టెలోనో, తాతగారి పుస్తకాల మధ్యనో ఓ నోటు బయటపడుతుంది. దాని మీద "జపనీస్ గవర్నమెంట్" అని ఇంగ్లీషులో ఉంటుంది, పక్కన 1000 డాలర్లు అని ఉంటుంది. వెంటనే ఆన్‌లైన్‌లో వెతికితే ఒకచోట అలాంటి నోటుకే కళ్ళు తిరిగే రేటు పెట్టి ఉంటుంది, ఇంకోచోట అదే నోటు కట్టలు కట్టలుగా చాలా చవకగా అమ్ముతూ ఉంటారు. రెండిట్లో ఏది నిజం అని అడిగితే చాలాసార్లు రెండోదే. అసలు రెండో ప్రపంచ యుద్ధంలో తాము ఆక్రమించిన దేశాల కోసం జపాన్ వాళ్ళు ఇంగ్లీషులో డాలర్ నోట్లు ఎందుకు వేశారు, అవి ఇన్ని ఎలా మిగిలాయి, అదే కాలానికి చెందిన ఇంకొన్ని చిన్న నోట్లకి ఎందుకంత గిరాకీ అనేవి ఒకదానికొకటి ముడిపడి ఉన్న ప్రశ్నలు.

క్లుప్తంగా చెప్పాలంటే:

ఆక్రమించిన సైన్యం సొంతంగా నోట్లు వేసేది ముఖ్యంగా రెండు కారణాలకి, అక్కడి సరుకుని కాగితంతో కొనడానికి, తమ దేశపు కరెన్సీని ఆ గొడవకి దూరంగా ఉంచడానికి. యుద్ధం అయ్యాక ఆ నోట్లని కొన్నిచోట్ల మార్చి ఇచ్చారు, కొన్నిచోట్ల ఒక్క ప్రకటనతో చెల్లవన్నారు. మార్చి ఇచ్చిన చోట నోట్లు తిరిగి వెళ్ళి నాశనమైపోయాయి కాబట్టి ఇప్పుడు అరుదు. చెల్లవన్న చోట జనం ఇళ్ళల్లోనే ఉండిపోయాయి కాబట్టి ఇప్పుడు చవక. నోటు మీద రాసున్న విలువకీ ఇప్పటి ధరకీ దాదాపు సంబంధం లేదు.

సైన్యానికి సొంత నోటు ఎందుకు

ఒక ఊళ్ళోకి సైన్యం వచ్చిందనుకుంటే దానికి బియ్యం కావాలి, కూలీలు కావాలి, ఇళ్ళు కావాలి. ఊరికే లాక్కోవచ్చు, కానీ లాక్కుంటే రెండోసారి సరుకు బయటికి రాదు, రైతు దాచేస్తాడు. పైగా 1907 హేగ్ నిబంధనల్లో 52వ ఆర్టికల్ ప్రకారం జనం దగ్గర తీసుకున్న సరుకుకి వీలైనంతవరకు నగదు ఇవ్వాలి, లేదా రసీదు ఇవ్వాలి. ఆ నగదు ఎవరి నగదు అయ్యుండాలి, దాన్ని ఎవరు ముద్రించాలి అన్నది మాత్రం ఆ నిబంధనల్లో సూటిగా ఎక్కడా లేదు. ఈ సందులోంచే ఆక్రమణ కరెన్సీ మొత్తం పుట్టుకొచ్చింది అనుకోవచ్చు. ప్రెస్సు సైన్యం చేతిలో ఉంటే "డబ్బిచ్చే కొన్నాం" అనే మాట కాగితం మీద నిజమే అవుతుంది, ఖర్చు మాత్రం ఇంకు, కాగితం అంతే.

రెండో కారణం ఇంటి కరెన్సీని కాపాడుకోవడం. జర్మనీ 1939 నుంచి ఆక్రమించిన దేశాల్లో రైష్‌క్రెడిట్‌కాసెన్ నోట్లు వాడింది, 50 ఫెనిగ్‌ల నుంచి 50 మార్కుల దాకా. పేరుకి మార్కే, కానీ జర్మనీ లోపల మామూలుగా చెల్లదు. అంటే సైనికుడు పారిస్‌లో ఎంత ఖర్చు పెట్టినా బెర్లిన్‌లో ధరలు పెరగవు. ఫ్రాన్సులో ఒక మార్కుకి 20 ఫ్రాంకులు అని రేటు పెట్టారు, అది మార్కు అసలు విలువ కంటే బాగా ఎక్కువ, దాంతో జర్మన్ సైనికుడికి దుకాణాల్లో అన్నీ చవకైపోయాయి. తర్వాత ఇంకా తేలిక దారి దొరికింది: ఆక్రమణ ఖర్చు కింద రోజుకి 40 కోట్ల ఫ్రాంకులు ఫ్రాన్సే కట్టాలని తేల్చారు, ఆ డబ్బు ఫ్రెంచి కేంద్ర బ్యాంకు నుంచే వస్తుంది కాబట్టి కొత్త నోట్ల అవసరం కూడా తగ్గింది. దోపిడీ అదే, కాకపోతే ఈ రెండో పద్ధతిలో కలెక్టర్ దాచుకోడానికి ప్రత్యేకమైన కాగితం ఏదీ మిగలదు.

మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇదే కథ. 1916లో జర్మన్లు తూర్పున ఆక్రమించిన ప్రాంతాల కోసం "ఓస్ట్‌రూబుల్" నోట్లు వేశారు, ఆ తర్వాత 1918లో "ఓస్ట్‌మార్క్" వచ్చింది. వాటి వెనకవైపు దొంగనోట్లు చేస్తే శిక్ష అని జర్మన్, లిథువేనియన్, లాత్వియన్ భాషల్లో హెచ్చరిక ఉంటుంది. సైన్యం వెళ్ళిపోయాక కూడా లిథువేనియాలో 1922లో సొంత కరెన్సీ లిటాస్ వచ్చేదాకా ఓస్ట్‌మార్కే తిరిగింది, ఎందుకంటే దాని బదులు ఇవ్వడానికి ఇంకో నోటు అప్పటికి లేదు.

ఐదు అక్షరాలు, ఐదు ప్రాంతాలు

ప్రపంచంలో ఎక్కువమంది చేతికి వచ్చే ఆక్రమణ నోట్లు జపాన్‌వి, 1942 నుంచి 1945 దాకా వేసినవి. వీటిని గుర్తుపట్టడం చాలా తేలిక. నోటు మీద సీరియల్ నంబర్ ఉండాల్సిన చోట చాలావరకు రెండు మూడు అక్షరాలే ఉంటాయి, వీటినే కలెక్టర్లు బ్లాక్ లెటర్స్ అంటారు. మొదటి అక్షరం ప్రాంతాన్ని చెబుతుంది: ఎం అంటే మలయా, పి అంటే ఫిలిప్పీన్స్, బి అంటే బర్మా, ఎస్ అంటే డచ్ వాళ్ళ ఈస్టిండీస్ అంటే ఇప్పటి ఇండోనేషియా, ఓ అంటే ఓషియానియా. తర్వాతి అక్షరాలు ఏ విడత ముద్రణో చెప్పేవి.

మలయా పది డాలర్ల నోటు చూస్తే ముందువైపు అరటి గెల వేలాడుతున్న చెట్టు, వెనక సముద్రం మీద దూరంగా ఓడ. ఈ అరటి చెట్టు వల్లే మలయా, సింగపూర్‌లలో మొత్తం ఆ కరెన్సీకే "అరటిపండు డబ్బులు" అని పేరు పడిపోయింది. ఫిలిప్పీన్స్‌లో అయితే "మిక్కీ మౌస్ డబ్బులు" అన్నారు. డిజైన్లలో చక్రవర్తి బొమ్మ లేదు, సైనికుడి బొమ్మ లేదు, ఎక్కువగా చెట్లు, పళ్ళు, గుడిసెలు, ఎడ్లబండ్లు. పైగా భాష చూడండి, మలయాలో ఇంగ్లీషు, ఇండీస్‌లో మొదట డచ్చి, అంటే శత్రువుల భాషలే. జనానికి అలవాటైన నోటులా కనిపించకపోతే సంతలో ఎవరూ తీసుకోరు కదా, అందుకే పాత కరెన్సీ పేర్లే ఉంచారు, డాలర్, పెసో, రూపాయి, గుల్డెన్, షిల్లింగ్ అలాగే ఉన్నాయి. ఇండీస్‌లో 1944కి వచ్చేసరికి డచ్చి తీసేసి రూపియా నోట్ల మీద స్థానిక భాష వాడారు, అప్పటికి అక్కడి జాతీయవాదుల్ని మంచి చేసుకోవాల్సిన అవసరం పడింది.

ఓషియానియా నోట్ల మీద ఒక కథ బాగా తిరుగుతుంది, ఇవి ఆస్ట్రేలియాని ఆక్రమించాక వాడదామని ముందే వేసి పెట్టుకున్నవని. అమ్మేవాళ్ళకి బాగా పనికొచ్చే కథ ఇది. కానీ షిల్లింగ్, పౌండ్లలో ఎందుకున్నాయంటే న్యూగినియా, సాలమన్ దీవులు, గిల్బర్ట్ దీవుల లాంటి చోట్ల అప్పటిదాకా నడిచింది అదే లెక్క కాబట్టి, ఆ నోట్లు వేసింది కూడా ఆ దీవుల కోసమే.

మొదట్లో మలయా నోట్లకి సీరియల్ నంబర్లు ఉండేవి, కాగితంలో వాటర్‌మార్కు, పట్టు దారం ముక్కలు కూడా కనిపిస్తాయి. యుద్ధం ముదిరేకొద్దీ నంబర్లు పోయాయి, తర్వాత కాగితం నాసిరకం అయింది, తర్వాత విలువలు పెరిగాయి. మలయాకి 1945లో వచ్చిన వెయ్యి డాలర్ల నోటు సరిగ్గా ఈ చివరి దశది. నోటుకి నంబర్ వేయడం మానేశారంటే ఎన్ని వేశామో లెక్క పెట్టుకునే ఉద్దేశం పోయిందని అర్థం, ఆ ఒక్క గుర్తు చాలు ద్రవ్యోల్బణం ఏ దశలో ఉందో చెప్పడానికి. ఒకవైపు నౌకలు మునిగిపోతూ బియ్యం, బట్ట, మందులు రావట్లేదు, ఇంకోవైపు సైన్యం ఖర్చంతా ప్రెస్సు మీదే నడుస్తోంది, చివరికి సరుకు అమ్మేవాళ్ళు వస్తు మార్పిడికి దిగారు, పాత బ్రిటిష్ నోట్లని చాటుగా దాచుకున్నారు. ఆ పాత నోట్లు దాచుకోడానికి కూడా అందరికీ వీలు దొరకలేదు. 1942లో మలయా, సింగపూర్‌లలోని చైనీయులు 5 కోట్ల డాలర్లు "కానుక"గా కట్టాలని జపాన్ సైన్యం హుకుం జారీ చేసింది, ఆ దెబ్బకి మంచి కరెన్సీ చాలావరకు జనం చేతుల్లోంచి వెళ్ళిపోయింది.

రద్దు చేసిన పద్ధతే రేటు తేల్చింది

ఇక్కడే అసలు విషయం ఉంది. 1945లో జపాన్ లొంగిపోయాక మలయా, బర్మా, ఫిలిప్పీన్స్‌లలో తిరిగొచ్చిన ప్రభుత్వాలు ఆ నోట్లని గుర్తించలేదు. వాటి బదులు ఏమీ ఇవ్వలేదు. జీతం ఆ నోట్లలో తీసుకున్నవాళ్ళు, పొలం అమ్మి ఆ నోట్లు తీసుకున్నవాళ్ళు ఒక్క రోజులో ఖాళీ చేతులతో నిలబడ్డారు. చెల్లని నోటుని ఎవరూ బ్యాంకుకి తీసుకెళ్ళరు, బ్యాంకు తీసుకోకపోతే ఎవరూ తగలబెట్టరు. కొంత పిల్లల ఆటలకి పోయింది, కొంత సైనికుల సంచుల్లో జ్ఞాపికగా అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, ఇండియా దాకా వెళ్ళింది, మిగతాది పెట్టెల్లో ఉండిపోయింది. ఎనభై ఏళ్ళ తర్వాత మార్కెట్లో కట్టలు కట్టలుగా దొరుకుతోంది ఆ సరుకే.

బర్మాలో అయితే బ్రిటిష్ సైన్యం తిరిగొచ్చినప్పుడు కొత్త డిజైన్ వేసే తీరిక కూడా లేదు. ఆరో జార్జి బొమ్మ ఉన్న రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా నోట్ల మీదే "మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా, బర్మాలో మాత్రమే చెల్లును" అని అర్థం వచ్చేలా ఎర్ర సిరాతో ఇంగ్లీషులో అచ్చు కొట్టి వదిలారు. 1945 నాటి ఆ నోట్లు తర్వాత మామూలుగా మార్పిడిలోకి వెళ్ళిపోయాయి, అందుకే జపాన్ వాళ్ళ బర్మా రూపాయి నోటు ఎంత తేలిగ్గా దొరుకుతుందో ఈ ఎర్ర అచ్చు నోటు మంచి కండిషన్‌లో అంత తేలిగ్గా దొరకదు.

నోటు పోయినంత తేలిగ్గా అప్పుల గొడవ పోలేదు. యుద్ధానికి ముందు మంచి పెసోల్లో అప్పు తీసుకుని యుద్ధకాలంలో మిక్కీ మౌస్ డబ్బులతో తీర్చేసిన వాడి అప్పు తీరినట్టా కాదా? 1948లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు హా పియా కేసులో తీరినట్టే అంది, ఆక్రమణలో ఉన్నప్పుడు ఆ నోటు చెలామణీ అయింది కాబట్టి. ఇక యుద్ధకాలంలో చేసిన అప్పుల్ని మామూలు పెసోల్లోకి మార్చడానికి కోర్టులు బాలంటైన్ షెడ్యూల్ అనే పట్టిక వాడాయి, అందులో నెల మారేకొద్దీ జపాన్ పెసో విలువ పడిపోతూ వస్తుంది. మలయాలో కూడా 1948లో ఇలాంటి చట్టమే తెచ్చి ఏ కాలంలో కట్టిన డబ్బుకి ఎంత విలువ కట్టాలో పట్టిక వేశారు. ఈ పట్టికలు పక్కన పెట్టుకుని నోట్ల ఆల్బం చూస్తే ఏ విడత నోటు ఎంత బియ్యం కొనగలిగిందో అంచనా వస్తుంది, చాలామంది కలెక్టర్లు అటువైపు చూడరు గానీ.

హాంకాంగ్‌లో పరిస్థితి ఇంకా దారుణం. అక్కడ జపాన్ మిలిటరీ యెన్ పెట్టారు, మొదట 2 హాంకాంగ్ డాలర్లకి ఒక యెన్, 1942 జులై నుంచి 4 డాలర్లకి ఒక యెన్ అన్నారు, 1943లో డాలర్ వాడకమే నిషేధించారు. అంటే జనం దగ్గరున్న మంచి డబ్బంతా బలవంతంగా యెన్ అయిపోయింది. 1945 సెప్టెంబరులో ఆ యెన్ చెల్లదన్నారు. ఆ నోట్లు పట్టుకుని హాంకాంగ్ వాసులు టోక్యో జిల్లా కోర్టు దాకా వెళ్ళారు, 1999 జూన్‌లో కోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. కాబట్టి మార్కెట్లో చవకగా కనిపించే మిలిటరీ యెన్ నోటు చాలాచోట్ల ఎవరో ఒకరి తీరని క్లెయిమ్ కాగితం కూడా.

మార్చి ఇస్తే ఏమవుతుంది

దీనికి పూర్తి ఎదురు కథ ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ దీవిది. 1940 నుంచి జర్మన్ల చేతిలో ఉన్న ఆ దీవిలో చిల్లర మాయమైపోతే అక్కడి స్థానిక ప్రభుత్వమే 6 పెన్సుల నుంచి ఒక పౌండు దాకా నోట్లు వేసింది, డిజైన్ చేసింది ఎడ్మండ్ బ్లాంపీడ్ అనే స్థానిక చిత్రకారుడు. ఆరు పెన్సుల నోటు వెనక "సిక్స్" అనే మాటలో ఎక్స్ అక్షరాన్ని పెద్దగా గీసి, నోటు మడత పెడితే విజయానికి గుర్తైన వి అక్షరం మాత్రమే కనపడేలా చేశాడు, జర్మన్ల కళ్ళ ముందే. యుద్ధం అయ్యాక ఈ నోట్లకి పూర్తి విలువ ఇచ్చారు, జనం ఇచ్చేసి స్టెర్లింగ్ తీసుకున్నారు. అందుకే ఇప్పుడు మడతల్లేని జెర్సీ ఒక పౌండు నోటు దొరికితే గొప్ప, దాని ముందు మలయా వెయ్యి డాలర్లు లెక్కలోకి రావు.

యుద్ధం తర్వాత అమెరికా చేతిలో ఉన్న జపాన్ దీవి ఒకినావాలోనూ ఇదే. అమెరికా సైన్యం వేసిన "బి యెన్" 1948 నుంచి 1958 దాకా అక్కడ ఏకైక కరెన్సీ. 1950 నుంచి డాలరుకి 120 బి యెన్లు, అదే సమయంలో జపాన్‌లో డాలరుకి 360 యెన్లు, దీనివల్ల ఒకినావాలో దిగుమతులు చవక, సొంతంగా తయారు చేసి అమ్మడం నష్టం అనే పరిస్థితి వచ్చింది. 1958 సెప్టెంబరులో మొత్తం డాలర్లలోకి మార్చేశారు. చిన్న బి యెన్ నోట్లని జనం మర్చిపోయి ఉంచుకున్నారు, వెయ్యి యెన్ల నోటుని మర్చిపోయేవాడు ఎవరుంటాడు? అందుకే అది అరుదు. మార్చి ఇచ్చిన కరెన్సీలన్నిట్లోనూ దాదాపు ఇదే వరస కనిపిస్తుంది, పెద్ద నోట్లు వెనక్కి పోతాయి, చిల్లర నోట్లు మిగులుతాయి. రద్దయిన కరెన్సీలో ఇది తిరగబడుతుంది, ఆఖర్లో గుట్టలుగా వేసిన పెద్ద నోట్లే ఎక్కువ మిగులుతాయి.

ఒక డాష్, ఒక చిన్న అక్షరం

మిత్రదేశాల నోట్లలో కలెక్టర్లు భూతద్దం పెట్టి చూసేది 1944 నాటి జర్మనీ మార్కుని. నోటు మీద ఎవరి బొమ్మా లేదు, ఏ బ్యాంకు పేరూ లేదు, ఎవరు చెల్లిస్తారో హామీ కూడా లేదు, జర్మనీలో చలామణీలో పెట్టాం అని మాత్రం రాసి ఉంటుంది. జపాన్ నోట్ల మీద చాలావాటికి "అడిగిన వెంటనే చెల్లిస్తాం" అన్న వాగ్దానం ఉంది, వాళ్ళు చెల్లించలేదు. ఈ మార్కు మీద ఏ వాగ్దానమూ లేదు, కానీ 1948 జూన్‌లో డాయిష్ మార్క్ వచ్చేదాకా నడిచింది. వాగ్దానానికీ జరిగినదానికీ ఇంత దూరం.

అమెరికాలో ఈ నోట్లని ముద్రించిన ఫోర్బ్స్ కంపెనీ డిజైన్ లతల్లో ఎక్కడో ఒక చిన్న ఎఫ్ అక్షరం దాచింది. 1944 ఏప్రిల్‌లో అమెరికా ఆ ముద్రణ ప్లేట్ల నకళ్ళని సోవియట్ యూనియన్‌కి ఇచ్చేసింది. వాళ్ళు వేసిన నోట్లలో ఎఫ్ ఉండదు, సీరియల్ నంబర్ ముందు ఒక డాష్ ఉంటుంది. డాష్ ఒక్కటి చూసి సోవియట్ నోటు అని తేల్చేయకూడదు, ఎఫ్ ఉందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే అమెరికా ముద్రణలోనూ డాష్ ఉన్న నోట్లు కొన్ని ఉన్నాయి.

ఈ చిన్న తేడా వెనక పెద్ద డబ్బు గొడవ ఉంది. సోవియట్ సైనికులకి ఏళ్ళ తరబడి ఆగిపోయిన జీతాలు ఈ మార్కుల్లో ఇచ్చారు, వాటిని రూబుళ్ళలోకి మార్చుకునే వీలు లేదు, కాబట్టి బెర్లిన్‌లో దొరికింది దొరికినట్టు కొనేశారు. అమెరికన్ సైనికుడు తన వాచీ, సిగరెట్లు వాళ్ళకి ఎక్కువ రేటుకి అమ్మి ఆ మార్కులని 10 మార్కులకి ఒక డాలర్ చొప్పున మార్చుకుని ఇంటికి పంపేవాడు. సైనికులకి ఇచ్చిన జీతం కంటే వాళ్ళు ఇంటికి పంపిన డాలర్లు ఎక్కువైపోయాయి, ఆ తేడా కోట్ల డాలర్లు, అదంతా అమెరికా ఖజానా మీద పడింది. 1947లో అమెరికా సెనేట్ దీని మీద విచారణ కూడా చేసింది. ఈ లోపే, 1946లో, సైనికులకి మాత్రమే చెల్లే మిలిటరీ పేమెంట్ సర్టిఫికెట్లు తెచ్చారు, అవి బ్లాక్ మార్కెట్లో పేరుకుపోతే చెప్పాపెట్టకుండా ఒక్క రోజులో డిజైన్ మార్చేసేవాళ్ళు. ఆ రోజు క్యాంపు లోపల ఉన్న సైనికుడికి కొత్త నోటు దక్కుతుంది, బయట నోట్లు దాచుకున్న వ్యాపారికి పాత కాగితం మిగులుతుంది.

ఇటలీలో 1943 నుంచి వాడిన లీర నోట్లది ఇంకో రకం తంటా. డాలరుకి 100 లీరలు అన్నారు, యుద్ధానికి ముందు సుమారు 19, 20 ఉండేది. సైనికుల జేబులు నిండాయి, ధరలు ఎగిరాయి. వాటి వెనకవైపు మాట్లాడే స్వేచ్ఛ, మతస్వేచ్ఛ, లేమి నుంచి, భయం నుంచి విముక్తి అని నాలుగు స్వేచ్ఛలు ఇంగ్లీషులో అచ్చు వేశారు, రొట్టె రేటు మాత్రం రోజురోజుకీ పైకే పోయింది. ఫ్రాన్సులో అక్కడి నాయకుడు డిగాల్ అయితే అమెరికా వేసి తెచ్చిన ఫ్రాంకుల్ని దొంగ డబ్బులన్నాడు. ఆయన గొడవ డిజైన్ గురించి కాదు, నోటు ఎవరు వేస్తే దేశం వాళ్ళదే అన్నట్టు అవుతుంది కాబట్టి.

ఆక్రమణ జరక్కముందే వేసినవి

హవాయి అని పెద్ద అక్షరాలతో వెనకవైపు అచ్చు కొట్టిన అమెరికన్ డాలర్లు ఈ గుంపులో ప్రత్యేకం. పెర్ల్ హార్బర్ తర్వాత ఒకవేళ జపాన్ ఆ దీవుల్ని పట్టుకుంటే అక్కడున్న డాలర్లన్నీ వాళ్ళ చేతికి వెళ్తాయని భయం. అందుకే 1942లో మామూలు నోట్లు వెనక్కి తీసుకుని, బ్రౌన్ సీలు, హవాయి అచ్చు ఉన్నవి ఇచ్చారు, దీవులు పోతే ఈ అచ్చున్న నోటు చెల్లదు అనేస్తే సరిపోతుంది. వెనక్కి తీసుకున్న పాత నోట్లు సుమారు 20 కోట్ల డాలర్ల విలువైనవి, ఓడలో పంపడం ప్రమాదం అని అక్కడే శ్మశానపు దహన కొలిమిలోనూ చక్కెర మిల్లులోనూ కాల్చేశారు. ఉత్తరాఫ్రికాలో దిగిన దళాలకి ఇదే ఆలోచనతో పసుపు సీలు డాలర్లు ఇచ్చారు. ఈ రెండు రకాలూ రద్దు కాలేదు, ఇప్పటికీ చట్టప్రకారం చెల్లుతాయి, అయితే ముఖవిలువకి ఖర్చు పెట్టే అమాయకుడు ఎవరూ ఉండడు.

నకిలీలు ఎక్కడ దూరతాయి

చవక నోటుకి దొంగనోటు ఎవరు చేస్తారు అనుకుంటారు గానీ మోసం నోటులో కాదు, దాని మీద కలిపిన చిన్న తేడాలో ఉంటుంది. మలయా నోటుకి సీరియల్ నంబర్ ఉంటే రేటు ఎన్నో రెట్లు, అందుకని మామూలు నోటు మీద తర్వాత నంబర్ కొట్టినవి తిరుగుతుంటాయి. అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్ పెసోల మీద "సహ సౌభాగ్య మండలం విలువ ఎంత?" అని (తను ఆక్రమించిన ఆసియాకి జపాన్ పెట్టుకున్న పేరు అది) ఎగతాళిగా ఇంగ్లీషులో అచ్చు వేసి విమానాల్లోంచి జల్లింది, ఆ అచ్చు కూడా తర్వాత చాలామంది కొట్టుకున్నారు. యుద్ధం తర్వాత ఈ పెసోలకి పరిహారం రాబట్టాలని ఏర్పడ్డ జాప్‌వాన్‌క్యాప్ అనే సంఘం తన సభ్యుల నోట్ల మీద స్టాంపు వేసేది, ఆ స్టాంపుకీ నకిలీలున్నాయి. సైనికులు ఒకరి నోటు మీద ఒకరు సంతకాలు పెట్టుకునే షార్ట్ స్నార్టర్ నోట్లలో అయితే ఎవరో పేరున్న జనరల్ సంతకం ఉందంటే ముందు అనుమానించాల్సిందే. రంగూన్‌లో 1944 ఏప్రిల్‌లో ఆజాద్ హింద్ బ్యాంకు పెట్టిన మాట నిజమే, కానీ ఆ పేరుతో ఆన్‌లైన్‌లో కొత్తగా మెరుస్తూ కనిపించే నోట్ల విషయంలో చరిత్ర మీద అభిమానం వేరు, కొనుగోలు వేరు అని పెట్టుకోవడం మంచిది.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే ఆ కాలపు కాగితం మసకగా, నీరసంగా కనిపిస్తుంది. యుద్ధం తర్వాత కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు మామూలైపోయాయి కాబట్టి కొత్త కాగితం నీలంగా భగ్గుమంటుంది. ఒక మెలిక, పాత నోటుని ఎవరైనా డిటర్జెంట్‌తో ఉతికి ఇస్త్రీ చేసినా అది కూడా మెరుస్తుంది. అప్పుడు నోటు అసలుదే కానీ కలెక్టర్ దృష్టిలో సగం చచ్చినట్టే. ఎరుపు రంగులో జపాన్ అక్షరాలతో "మిహోన్" అని అచ్చు ఉంటే అది నమూనా నోటు, వీటిలోనూ తర్వాత కలిపిన అచ్చులు ఉండొచ్చు కాబట్టి ఇంకు కాగితంలోకి ఎంత ఇంకిందో, మడతల మీద పడిందా మడతల కిందే ఉందా అని చూస్తారు. మడత పడకముందే ఉన్న ఇంకు ఆ గీతలో విరిగి కనిపిస్తుంది.

దాచడంలో పెద్ద శత్రువు పీవీసీ కవరు. మెత్తదనం కోసం అందులో కలిపిన రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికొచ్చి నోటుకి జిగటగా అంటుకుంటుంది. పాలియెస్టర్ హోల్డర్ కాస్త ఖరీదు కానీ ఆ బాధ లేదు. సెల్లోటేపు వేసిన నోటుని మాత్రం పీకకపోవడమే మేలు.

కువైట్ తర్వాత

1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించి కువైటీ దినార్ రద్దు చేసింది, ఇరాకీ దినార్‌తో సమానం అంది, అప్పటిదాకా కువైటీ దినార్ దానికంటే ఎంతో విలువైనది. కేంద్ర బ్యాంకులోని నోట్లు ఎత్తుకుపోయారు. 1991లో కువైట్ తిరిగొచ్చాక కొత్త సిరీస్ వేసి, దోచుకుపోయిన నోట్ల ప్రిఫిక్స్‌లు, అంటే సీరియల్ నంబర్ ముందుండే గుర్తులు, చెల్లవని ప్రకటించింది. ఇప్పుడు మార్కెట్లో ఆ దొంగ ప్రిఫిక్స్ ఉన్న కొత్త నోట్లే చవకగా దొరుకుతాయి, జనం మార్చుకున్న మామూలు ప్రిఫిక్స్ నోటు ఫ్రెష్‌గా దొరకడం కష్టం. యాభై ఏళ్ళ తర్వాత కూడా మలయా, జెర్సీల సూత్రమే పని చేసింది.

ఆ తర్వాతి ఆక్రమణల్లో ప్రత్యేక నోట్లు వేయడం తగ్గింది. 2014లో క్రిమియాలో, 2022లో ఖేర్సన్‌లో రష్యా మామూలు రూబుల్‌నే తెచ్చి పెట్టింది. దానివల్ల అక్కడ తిరిగిన నోటుకీ మాస్కోలో తిరిగిన నోటుకీ కాగితంలో తేడా ఏమీ ఉండదు, కాబట్టి రేపటి కలెక్టర్ చేతికి వాటిని విడిగా గుర్తుపట్టే ఆధారమే ఉండదు. అలాంటి చోట్ల మిగిలేవి రేషన్ కార్డులు, జీతం రసీదులు, రెండు కరెన్సీల్లో ధరలు రాసిన దుకాణం బిల్లులు. యుద్ధకాలపు కాగితాలు పోగేసేవాళ్ళలో కొందరు ఇప్పటికే నోట్ల పక్కన వీటిని కూడా పెట్టుకుంటున్నారు, పైగా వీటి మీద తేదీ, ఊరు, ఏ సరుకు ఎంతకి కొన్నారో కూడా ఉంటుంది, బ్లాక్ లెటర్స్ మాత్రమే ఉన్న అరటిచెట్టు నోటు మీద అవేవీ ఉండవు.